డ్రైవర్ మీద కేసు సరే, టైంటేబుల్ మీద కేసు ఎప్పుడు?

బడి ముందు ఒక పిల్లవాడు బస్సు కింద పడితే మన దగ్గర ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. జనం బస్సు అద్దాలు పగలగొడతారు. డ్రైవర్ పారిపోతాడు, లేకుంటే దెబ్బలు తిని స్టేషన్‌లో కూర్చుంటాడు. నాయకుడు వస్తాడు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తాడు. మర్నాడు పేపర్లో 'డ్రైవర్ నిర్లక్ష్యం పసిప్రాణం తీసింది' అని రెండు కాలాల వార్త. మూడో రోజు అదే బస్సు, అదే రూటు, అదే టైము, అదే వేగం. మారింది ఒక్క డ్రైవరే.

ఈ తంతును ఇంకెన్నాళ్లు నమ్ముదాం? డ్రైవర్ తప్పు చేస్తే శిక్ష పడాల్సిందే. అందులో రెండో మాట లేదు. కాని ఆ వేగాన్ని ఎవరు పుట్టించారు? బడి ముందు 25కు తగ్గాలని చెప్పే బోర్డు పెట్టనిదెవరు? తగ్గితే లేటవుతుందని, లేటయితే జీతం కోస్తామని చెప్పిందెవరు? వీళ్ల పేర్లు ఎఫ్ఐఆర్‌లో ఎందుకు రావు? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

పట్టికలో బడి లేదు

2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ గరిష్ఠ వేగాల పట్టిక ప్రకటించింది. బస్సుకు ఎక్స్‌ప్రెస్ వే మీద గంటకు 100 కిలోమీటర్లు. మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరసల రోడ్డు మీద 90. మున్సిపల్ హద్దుల్లో 60. మిగతా రోడ్ల మీద 60. ఈ పట్టికను పైనుంచి కిందికి ఎన్నిసార్లు చదివినా బడి అనే వరస దొరకదు. హైదరాబాద్ నుంచి వరంగల్ వచ్చే 163 నంబరు జాతీయ రహదారి ఇప్పుడు నాలుగు వరసలైంది. దాని పక్కన ఊర్లున్నాయి, ఊర్లకు బడులున్నాయి, బడులకు పోయే పిల్లలున్నారు. పట్టిక కళ్లకు మాత్రం అది 90 కిలోమీటర్ల రోడ్డు, అంతే.

మరి రాష్ట్ర ప్రభుత్వం చేతులు కట్టేసి ఉన్నాయా? లేవు. 1988 మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ చదవండి. ప్రజల భద్రత కోసం, లేదా ఒక రోడ్డు స్వభావాన్ని బట్టి, రాష్ట్ర ప్రభుత్వం గాని, అది అధికారమిచ్చిన అధికారి గాని వేగాన్ని ఇంకా తగ్గించి నిర్ణయించవచ్చు. గజిట్‌లో ప్రకటించాలె, 116వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద బోర్డు పెట్టాలె. ఇంకో మాట కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఆ ఆంక్ష నెల రోజులకు మించకుంటే గజిట్ ప్రకటన కూడా అక్కర లేదు. అంటే జూన్‌లో బడులు తెరిచే నెల కోసమైనా రేపే బోర్డు పాతొచ్చు. కేరళ ప్రభుత్వం బడి దగ్గర ఏ బండికైనా 30 అని పట్టికలోనే రాసుకుంది. మలయాళీ పిల్లల ఎముకలు మన పిల్లల ఎముకల కంటే మెత్తగా ఉంటాయా?

'బడి బస్సులకు స్పీడ్ గవర్నర్లు పెట్టాం గదా' అని జవాబిస్తారు. నిజమే. 1997 నవంబరులో ఢిల్లీ వజీరాబాద్ దగ్గర బడి బస్సు యమునలో పడి 28 మంది పిల్లలు చనిపోయిన తర్వాత సుప్రీంకోర్టు కదిలింది. అతివేగానికి ఒక్కసారి చలానా పడ్డవాడు కూడా బడి బస్సు నడపరాదన్నది. 2015లో కేంద్రం నిబంధనలు మార్చి, ఆ అక్టోబరు నుంచి తయారయ్యే బడి బస్సులకు 60 దగ్గర, మామూలు బస్సులకు 80 దగ్గర తాళం పడాలన్నది. కాని గవర్నర్ ఇంజనుకు వేసే తాళం. 60 దాటనివ్వదు, అంతే. 60 లోపల ఎక్కడ 25కు దిగాలో దానికి తెలియదు. దానికి బడి కనబడదు. కనబడాల్సింది మనిషికి. మనిషికి కనబడాలంటే బోర్డుండాలె, రోడ్డు మీద తెల్లగీతలుండాలె, దాటే చోట రోడ్డు ఎత్తు చేసి ఉండాలె. ఆ పైన, బడి బస్సు ఎక్కని పిల్లల సంగతేంది? వాళ్ల ముందు నుంచి పోయేది 80 తాళం బస్సు.

ఇరవై ఐదు సెకన్ల లెక్క

నేను సర్కారు బడి టీచరును. కాబట్టి నల్లబల్ల మీద ఒక లెక్క వేస్తాను. ఐదో తరగతి పిల్లలు వేసే లెక్కే.

బడికి అటు 150 మీటర్లు, ఇటు 150 మీటర్లు, మొత్తం 300 మీటర్లు బస్సు మెల్లగ పోవాలనుకుందాం. 60 వేగంతో ఆ దూరం పోవటానికి 18 సెకన్లు. 25 వేగంతో 43 సెకన్లు. తేడా 25 సెకన్లు. దారిలో ఐదు బడులుంటే రెండు నిమిషాల అయిదు సెకన్లు. ఒక డ్రైవర్ చాయ్ గ్లాసు కింద పెట్టేంత సేపు. మన పిల్లల ప్రాణానికి ఈ వ్యవస్థ కట్టిన ఖరీదు అది. ఒక్కో బడికి ఇరవై ఐదు సెకన్లు. అది కూడా ఇయ్యనంటున్నది.

ఇంకో లెక్క. 60 వేగంతో వస్తున్న బస్సు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు ముందుకొస్తుంది. డ్రైవర్ కంటికి పిల్ల కనబడి, కాలు బ్రేకు మీదికి పోవటానికే ఆ సెకను పడుతుంది. రోడ్డు పొడిగా ఉండి, బ్రేకులు బాగున్నా, బస్సు ఆగటానికి ఇంకో 28 మీటర్లు కావాలె. మొత్తం 45 మీటర్లు, నూట యాభై అడుగులు. అదే 25 వేగంతో వస్తే కంటికి 7, బ్రేకుకు 5, మొత్తం 12 మీటర్లలో ఆగుతుంది. నలభై అడుగులు. ఇప్పుడు బస్సుకు 20 మీటర్ల ముందు ఒక పిల్ల రోడ్డు మీదికి ఉరికిందనుకోండి. 25 వేగంతో వచ్చే బస్సు పిల్లకు ఎనిమిది మీటర్ల దూరంలోనే ఆగిపోతుంది. డ్రైవర్ నాలుగు తిట్లు తిడతాడు, పిల్ల ఏడుస్తూ ఇంటికి పోతుంది. 60 వేగంతో వచ్చే బస్సు పిల్లను తాకేటప్పటికి దాని వేగం 55కు కూడా తగ్గి ఉండదు. వాన పడి, టైర్లు అరిగి ఉంటే ఇంకా అన్యాయం.

ఇద్దరు డ్రైవర్లూ ఒకే క్షణాన చూశారు, ఒకే తీరుగ బ్రేకు తొక్కారు. ఒకడు మంచోడయ్యాడు, ఇంకొకడు హంతకుడయ్యాడు. తేడా మనసులో లేదు, మీటర్లలో ఉంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ, మనుషులూ బండ్లూ కలిసి తిరిగే చోట 30 దాటొద్దంటున్నది. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో దేశాల మంత్రులు కూడి అదే మాట ప్రకటనలో రాశారు. ఆ ఏడాది ఆగస్టులో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆ ప్రకటనను బలపరిచింది. స్టాక్‌హోం మాట వర్ధన్నపేటకు వచ్చేటప్పటికి ఎందుకు ఆవిరయిపోతుంది?

రోడ్డు దాటేది ఎవరి పిల్లలు?

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో నడిచిపోయేవాళ్లు 32,825 మంది. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లు 9,528 మంది. 2025 జనవరిలో కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ తానే చెప్పారు. 2024లో దాదాపు 1,80,000 మంది చనిపోతే, బడుల దగ్గర, కాలేజీల దగ్గర లోపలికీ బయటికీ సరైన దారి ఏర్పాట్లు లేక పోయినవాళ్లే పది వేల మంది అని. మంత్రి తన నోటితో ఒప్పుకున్న పది వేల చావులివి. ఈ పది వేలకు బాధ్యుడు ఏ డ్రైవర్? ఏర్పాట్లు చేయాల్సింది డ్రైవరా?

ఈ లెక్కల్లో ఒక గడి మాత్రం ఉండదు. చనిపోయిన పిల్లల కులమేంది, వాడ ఏంది అని రాయరు. రాయకున్నా మనకు తెలుసు. డబ్బున్న పిల్లలు పెద్ద బడి గేటు లోపలికి బస్సులో పోయి, గేటు లోపలే దిగుతారు. ఆ గేటు ముందు పోలీసాయన నిలబడతాడు, ప్లాస్టిక్ కోన్లు పెడతారు, జీబ్రా గీతలు ఏటా కొత్తగా వేస్తారు. సర్కారు బడికి పోయేది ఎవరు? మాదిగవాడ పిల్లలు, మాలపల్లె పిల్లలు, తండా పిల్లలు, వడ్డెర, చాకలి, మంగలి ఇండ్ల పిల్లలు. నడిచిపోతారు. ప్రాథమిక బడికి కిలోమీటరు, ప్రాథమికోన్నత బడికి మూడు కిలోమీటర్లు నడవొచ్చని విద్యాహక్కు చట్టం నిబంధనలే చెప్తున్నాయి. ఆ నడిచే కిలోమీటర్లలో రోడ్డుందా, ఆ రోడ్డు మీద బస్సు ఎంత వేగంతో వస్తుందని ఆ నిబంధన రాసినాయన అడగలేదు.

మన వాడలు ఊరి చివర ఎందుకున్నాయో మీకు చెప్పనక్కర లేదు. ఊరు మనల్ని అంచుకు నెట్టింది. తర్వాత రోడ్డు వెడల్పయి ఆ అంచు మీదికే వచ్చింది. చాలా చోట్ల వాడ ఒక పక్క, బడి ఒక పక్క, నడుమ రోడ్డు. ఒకప్పుడు ఊరి బావి దగ్గర మనకు గీత గీశారు. ఇప్పుడు బడి దగ్గర గీయాల్సిన తెల్లగీత మాత్రం గీయరు.

మన పిల్లల బడి ప్రయాణానికి ఎప్పుడూ ఒక ఖరీదుంది. 1901లో తొమ్మిదేండ్ల అంబేడ్కర్, అన్నతో, అక్క కొడుకుతో కలిసి గోరెగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి పోతుంటే, వీళ్లు మహర్లని తెలిసి ఎడ్లబండాయన నడపనన్నాడు. చివరికి రెండింతల కిరాయి తీసుకొని, పిల్లలే బండి తోలుకోవాలని, తాను పక్కన నడుస్తానని ఒప్పుకున్నాడు. ఆ రోజు బండి మనల్ని ఎక్కించుకోనన్నది. ఈ రోజు బస్సు మన ముందు ఆగనంటున్నది.

డ్రైవర్ ఎవరు?

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినాలె, అన్నలారా. స్టీరింగ్ వెనుక కూర్చున్నది కూడా చాలా సార్లు మనోడే. భూమి లేదు, డిగ్రీ చదివినా నౌకరీ లేదు, హెవీ లైసెన్స్ తీసుకొని బస్సెక్కిండు. ప్రైవేటు బడి బస్సు నడిపే డ్రైవర్లతో మాట్లాడిన. పొద్దున ఒక ఊరి ట్రిప్పు, వచ్చి ఇంకో ఊరి ట్రిప్పు, రెండూ మొదటి గంట కొట్టే లోపల కావాలె. నడుమ ఒక ముసలమ్మ మనవన్ని ఎక్కించటానికి రెండు నిమిషాలు ఆగితే, ఆ రెండు నిమిషాలు ఎక్కడన్నా దొరకపట్టాలె. 'సార్, స్టేజి దగ్గర పోయిన టైం రోడ్డు మీదనే గుంజుకోవాలె, ఇంకేడ దొరుకుతది?' అన్నడొక తమ్ముడు. ఎండకాలం సెలవులకు జీతం లేదు, లేటయితే మేనేజ్‌మెంట్ తిట్లు. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని అన్నది. ఆ చట్టం పేరు కూడా వాళ్లలో చాలా మందికి తెలియదు.

ఆర్టీసీలోనూ ఇదే లెక్క వేరే రూపంలో ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. మంచిదే. మన ఆడపిల్లలు ఇంటర్‌కు, డిగ్రీకి పోతున్నారు, కూలికి పోయే అక్కలకు చార్జీ మిగులుతున్నది. కాని ఎక్కే జనం పెరిగితే స్టేజి దగ్గర బస్సు ఆగే టైం పెరుగుతుంది. టైంటేబుల్లో ఆ నిమిషాలు కలిపారా? కలపకుంటే డ్రైవర్ వాటిని ఎక్కడ పూడ్చుకోవాలె? రెండు స్టేజీల నడుమ. బడి ఉండేది అక్కడే.

పెద్ద ప్రమాదాలను గుర్తు తెచ్చుకోండి. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కావలి లేని రైల్వే గేటులో బడి బస్సును రైలు గుద్దింది. పదహారు మందికి పైగా చనిపోయారు, అత్యధికులు పిల్లలే. మొదటి రోజు నుంచే వేలు డ్రైవర్ మీదికి పోయింది. ఆయన ఆ బస్సులోనే చనిపోయిండు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటు దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. పట్టాల్సిన దానికంటే చాలా ఎక్కువ జనాన్ని కుక్కుకొని పోతున్న బస్సది. ఆ డ్రైవరూ చనిపోయిండు. చచ్చినవాని మీద నెపం పెట్టటం అన్నిటికంటే సులువు, వాడు కోర్టుకు రాడు. కాని ఒక సంగతి చూడండి. మాసాయిపేట తర్వాత జనం గొంతెత్తితే, 2019 జనవరి నాటికి దేశంలోని బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కావలి లేని గేట్లన్నిటినీ తీసేశారు. చేయాలనుకుంటే చేయగలరన్న మాట. రైలు పట్టాల మీద చేసింది తారు రోడ్డు మీద ఎందుకు చేయరు?

చట్టం దాచిన పేరు

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ అతివేగానికి శిక్ష చెప్తుంది. 2019 సవరణ తర్వాత బస్సుల వంటి పెద్ద వాహనాలకు 2,000 నుంచి 4,000 రూపాయల జరిమానా, రెండోసారయితే లైసెన్సు గుంజుకోవచ్చు. పోలీసులకూ, లాయర్లకూ, పేపర్లకూ ఇంత వరకే తెలుసు. కాని అదే సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ చదివినవాళ్లెందరు? మన మాటల్లో దాని సారం ఇది: ఒక ప్రయాణం ఇంత టైంలో పూర్తి కావాలని ఎవరైనా టైంటేబుల్ వేసినా, ఆదేశమిచ్చినా, వేగ పరిమితి దాటకుండా ఆ టైంలో చేరటం సాధ్యం కాదని కోర్టు భావిస్తే, ఆ టైంటేబులే నేరానికి ప్రాథమిక సాక్ష్యం. ఎవరి నేరానికి? టైంటేబుల్ వేసినవాని నేరానికి, ఆదేశమిచ్చినవాని నేరానికి.

చూశారా! చట్టం డ్రైవర్ దగ్గర ఆగలేదు. గడియారం పట్టుకున్న చేతి దాకా పోయింది. అక్కడిదాకా పోకుండా మధ్యలోనే ఆగింది స్టేషన్ కలం. మన వరంగల్, హన్మకొండ జిల్లాల్లో ఒక్క టైంటేబులైనా కోర్టు బల్ల మీద పెట్టించామా? పెట్టించాలని మనమైనా అడిగామా?

శిక్షల మెట్లు కూడా చూడండి. నిర్లక్ష్యంతో చావుకు కారణమైన డ్రైవర్‌కు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేండ్ల దాకా జైలు. రోడ్డు డిజైను చెడగొట్టి చావుకు కారణమైన కాంట్రాక్టరుకు, అధికారికి 198ఎ సెక్షన్ కింద లక్ష రూపాయల దాకా జరిమానా, జైలు లేదు. సాధ్యం కాని టైంటేబుల్ వేసిన యజమానికి 4,000. కిందివానికి జైలు, నడిమివానికి జరిమానా, పైవానికి చిల్లర. మెట్ల కులవ్యవస్థ అంటే ఏందో మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర లేదు. అది మోటారు చట్టంలో కూడా ఉంది.

వాళ్ల మాటలు, మన జవాబులు

'పిల్లలకు రోడ్డు దాటటం మీరే నేర్పాలె పంతులుగారూ' అంటారు. నేర్పుతున్నాం. చేయి పట్టుకొని దాటిస్తున్నాం కూడా. కాని ఏడేండ్ల పిల్ల ఏడేండ్ల పిల్లలాగే ఉంటుంది. బంతి వెనుక ఉరుకుతుంది, తల్లి కనబడితే ఉరుకుతుంది. వచ్చే బండి వేగం అంచనా వేయటం ఆ వయసుకు రాదు. పిల్లను పెద్దమనిషిని చేయలేం, బస్సును మెల్లగ చేయగలం.

'జాతీయ రహదారి మీద స్పీడ్ బ్రేకర్లు పెట్టరాదు' అంటారు. సరే, బ్రేకర్ ఒక్కటే మార్గమా? బోర్డు, గరుకు గీతలు, నడుమ నిలబడే దిమ్మె, మెరిసే లైటు, పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట ఒక హోంగార్డు. ఇందులో ఏది నిషిద్ధం? ఊరి మీద నుంచి ఫ్లైఓవర్ కట్టటానికి కోట్లు దొరుకుతాయి, బడి ముందు తెల్ల పెయింటుకు డబ్బాడు దొరకదా?

'వేగం ఎంతో మీకెట్ల తెలుసు?' అంటారు. ఇది మాత్రం చట్టంలో ఉన్న ప్రశ్నే. ఒక్క సాక్షి కళ్లతో చూసి 'చాలా స్పీడుగ పోయింది' అంటే 183 కింద శిక్ష పడదు, యంత్రం కొలవాలె. మరి ఆ యంత్రం ఎక్కడుంది? ఊరి బయట చెట్టు చాటున స్పీడ్ గన్‌తో నిలబడి బైకుల ఫొటోలు తీస్తున్నది. దాన్ని తొమ్మిది గంటలకు, నాలుగు గంటలకు బడి ముందు నిలబెట్టండి.

ఇతరులు ఎట్ల సాధించారు?

నెదర్లాండ్స్ అనే చిన్న దేశంలో 1971లో రోడ్ల మీద మూడు వేల మందికి పైగా చనిపోయారు. అందులో నాలుగు వందలకు పైగా పిల్లలు. తల్లిదండ్రులు 'పిల్లల హత్యలు ఆపండి' అని సంఘం పెట్టారు. ప్రమాదం అనలేదు, హత్య అన్నారు. పిల్లల్ని తీసుకొని రోడ్ల మీద కూర్చున్నారు, వీధులు మూసేశారు. 1976 కల్లా ఇండ్ల నడుమ వీధుల్లో నడిచేవానికి, ఆడుకునే పిల్లకు మొదటి హక్కు అని చట్టమే వచ్చింది. అమెరికాలో పసుపు పచ్చ బడి బస్సు ఆగి పిల్లలు దిగుతుంటే వెనుక బండ్లన్నీ ఆగి తీరాలె. ఆ దేశాల డ్రైవర్లు పుట్టుకతో దయాళువులు కారు. అక్కడి జనం అడిగి, కొట్లాడి తెచ్చుకున్నారు.

మనం ఏం చేయాలె?

కోపంతో అద్దాలు పగలగొట్టటం ఒక పూట పని. ఇది ఏడాది పని. మన సంఘాల ముందు ఈ పనులు పెడుతున్నాను.

ఒకటి. ప్రతి ఊర్లో బడి ముందు నిలబడి వారం రోజులు రాయండి. ఏ టైముకు ఏ బస్సు పోయింది, ఎంత మంది పిల్లలు దాటారు, బోర్డుందా, గీతలున్నాయా? నోటు పుస్తకం చాలు. పదో తరగతి పిల్లలే రాయగలరు.

రెండు. ఆ లెక్కను గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించండి. 2024లో పెట్టిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో మన అక్కలున్నారు. వాళ్ల సంతకాలు ముందు వరసలో ఉండాలె.

మూడు. ఆ తీర్మానంతో కలెక్టర్‌కు, పోలీసు అధికారులకు, రవాణా శాఖకు, రోడ్డు ఎవరిదైతే వాళ్లకు దరఖాస్తు ఇవ్వండి. 112, 116 సెక్షన్ల ప్రకారం బడికి అటూ ఇటూ 25 కిలోమీటర్ల పరిమితి, బోర్డులు కావాలని పేరు పెట్టి అడగండి. 'గజిట్ కావాలె, టైం పడతది' అంటే నెల రోజుల ఆంక్షకు గజిట్ అక్కర లేదని చూపించండి. రసీదు లేకుండా ఆఫీసు మెట్లు దిగొద్దు. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు పొమ్మంటుంది. నేనూ తిరిగిన. ఆ మాటను కాగితం మీద రాసిమ్మనండి, అక్కడ వాళ్ల నోరు ఆగుతుంది.

నాలుగు. 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. మా రూటు బస్సు టైంటేబుల్ ఏంది? ఈ దూరానికి ఎన్ని నిమిషాలిచ్చారు? మా బడి ముందు వేగ పరిమితి ఉందా, ఉంటే ప్రకటన కాపీ ఇవ్వండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలె. ఆ కాగితమే రేపు 183(4)కు సాక్ష్యం.

ఐదు. డ్రైవర్లను మన సభలకు పిలవండి. శత్రువులుగ కాదు, సాక్షులుగ. 'బడి ముందు మెల్లగ పోతే లేటయిన నిమిషాలకు శిక్ష వేయరాదు' అన్న డిమాండు వాళ్ల సంఘాల నోటి నుంచి కూడా రావాలె. 2019లో యాభై రెండు రోజులు సమ్మె చేసిన ఆర్టీసీ కార్మికులకు కొట్లాట కొత్త కాదు.

ఆరు. దురదృష్టవశాత్తు ఎక్కడన్నా పిల్లకు దెబ్బ తగిలితే, ఫిర్యాదులో డ్రైవర్ పేరుతో ఆపకండి. టైంటేబుల్ వేసిన యజమాని, బోర్డు పెట్టని శాఖ పేర్లు కూడా రాయండి. 183(4), 198ఎ అని అంకెలతో సహా రాయండి. రాయనంటే ఎందుకు రాయరో అడగండి.

చదువు కోసం మన పిల్లలు బడికి పోతున్నారు. మన తాతలు ఆ బడి అరుగు కూడా ఎక్కలేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. ఆ దారి ఎంత పొడుగో నాకు తెలుసు. దాని చివరి పది గజాల్లో, తారు రోడ్డు దాటే చోట, ఆ చదువు ఆగిపోతే అది ప్రమాదం కాదు. ఇరవై ఐదు సెకన్లు ఇయ్యని వ్యవస్థ చేసిన నేరం.

ఆ ఇరవై ఐదు సెకన్లు మనకు బాకీ. వసూలు చేద్దాం.